అధ్యక్షుడే పోటీలో ఉంటే ఎన్నిక ఎవరు జరపాలి?

ప్రశ్న:
మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. సభ్యులు 60 మంది, సర్వసభ్య సమావేశానికి వచ్చేది అందులో సగం. ఇన్నాళ్లూ కార్యవర్గం ఎన్నిక అంటే అధ్యక్షుడు ఒక ప్యానెల్ చదవడం, అందరికీ సమ్మతమేనా అనడం, చప్పట్లు, అంతే. ఈసారి అధ్యక్ష పదవికి ఇద్దరు, కార్యదర్శికి ముగ్గురు నిలబడతామంటున్నారు, ఇప్పటి అధ్యక్షుడూ మళ్లీ పోటీలో ఉన్నారు. ఆయనే సభ నడిపి ఎన్నిక జరిపించొచ్చా? చేతులెత్తిస్తే చాలా? ముగ్గురిలో ఎవరికీ సగం దాటకపోతే? రాలేనివాళ్లు ఫోన్లో ఓటు చెబుతామంటున్నారు. నోటీసు పంపాల్సింది నేనే, టెన్షన్‌గా ఉంది.

పాత మినిట్స్:
ముందు మీ నియమావళి తీయండి. రిజిస్టరైన సంస్థ అయితే మీ దగ్గరి చట్టం దానికంటే పైన ఉంటుంది, అదీ చూసుకోండి. ఈ రెండూ మాట్లాడని చోట చాలా సంస్థలు రాబర్ట్స్ రూల్స్ అనే, సభలు ఎలా నడపాలో చెప్పే అమెరికా పుస్తకాన్ని (1876లో మొదటిసారి అచ్చయింది) పట్టుకుంటాయి, నేనూ దాని ప్రకారమే చెబుతున్నా. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఎంతో నియమావళిలో రాయకపోతే మొత్తం సభ్యుల్లో సగానికి పైన ఉండాలి, అంటే మీకు 31 మంది. సగం మందే వస్తారంటున్నారు కదా, 30 దగ్గర ఆగితే ఆ ఎన్నిక చెల్లదు. ఫోన్ ఓట్లు, ఒకరి తరఫున ఇంకొకరు వేసే ఓట్లు నియమావళి ఒప్పుకుంటే తప్ప కుదరవు. చేతులెత్తించడం మాత్రం వద్దే వద్దు, చీటీల మీద రహస్యంగా ఓటు వేయించండి, పోటీదారులు ఇద్దరూ ఎదురుగా కూర్చుని చూస్తుంటే మొహమాటానికి లేచే చేతులే ఎక్కువ.

ఇంకోటి, అధ్యక్షుడి ఎన్నిక ముగించి ఫలితం ప్రకటించాకే కార్యదర్శి నామినేషన్లు అడగండి. అక్కడ ఓడినవాళ్లు ఇక్కడ నిలబడొచ్చు. అన్నీ ఒకే చీటీ మీద పెడితే ఓడిన మంచి మనిషి ఇంటికెళ్లిపోతాడు.

చివరి బెంచీ:
అధ్యక్షుడు పోటీలో ఉంటే కుర్చీ దిగి తీరాలి, ఇందులో చర్చేముంది? తన ఎన్నిక తనే జరుపుకోవడం ఎక్కడైనా ఉందా!

పాత మినిట్స్:
ఉంది. పోటీలో ఉన్నంత మాత్రాన సభాధ్యక్షుడు దిగాలనే నియమం ఆ పుస్తకంలో లేదు, రహస్య ఓటైతే తనూ అందరితో పాటు ఓటేయొచ్చు. కాకపోతే ఆ కాసేపు పోటీలో లేని ఉపాధ్యక్షుడికో ఇంకెవరికో అప్పగిస్తే ఓడినవాళ్లకి నోరెత్తే సందు ఉండదు. నేనైతే అదే చేయమంటాను, కానీ దిగకపోతే ఎన్నిక చెల్లదని ఎవరైనా గొడవ చేస్తే ఆ వాదన నిలవదు. చీటీలు లెక్కపెట్టేది మాత్రం పోటీలో లేనివాళ్లే అయ్యుండాలి.

లెక్కల మనిషి:
ముగ్గురి సంగతి నేను చెబుతా. 31 చీటీలు పడ్డాయి, రెండు ఖాళీవి అనుకోండి. ఖాళీవి లెక్కలోకి రావు, మిగిలిన 29లో 15 వస్తేనే గెలుపు. 12, 10, 7 వస్తే ఎవరూ గెలవనట్టే, మళ్లీ ఓటింగ్ పెట్టాలి. ఇక్కడే అందరూ తొందరపడి 7 వచ్చినవాళ్లని తీసేస్తారు, నియమావళిలో లేకుండా అలా తీసేయకూడదు. మొదటి ఇద్దరి వర్గాలకీ పడనప్పుడు ఇద్దరూ సర్దుకునేది ఆ మూడో మనిషి దగ్గరే. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టు అని మీ నియమావళిలో ఉంటే మాత్రం 12కే అయిపోయినట్టు.

లెక్కించేటప్పుడు పేరు తప్పు రాసినా ఎవరో తెలుస్తుంటే ఆ ఓటు చెల్లుతుంది. నింపిన చీటీలు రెండు కలిపి మడిచి ఉంటే రెండూ చెల్లవు, నింపినదాని మడతలో ఖాళీ చీటీ ఇరుక్కుంటే ఖాళీది పక్కన పడేసి మిగతాది లెక్కపెట్టండి. మరీ ముఖ్యంగా ఎవరికెన్ని వచ్చాయో అంకెలు సభలో పైకి చదవాలి, మినిట్స్‌లో రాయాలి. ఓడినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని అంకెలు దాచే సంస్థలు ఉన్నాయి, ఆ తర్వాత వచ్చే పుకార్లతో పోలిస్తే ఆ చిన్నతనం ఏపాటి.

ప్రశ్న అడిగినవారు:
నియమావళి దొరికింది. కోరం మూడో వంతు, అంటే 20 చాలు, ఆ భయం తీరింది. కానీ కార్యవర్గాన్ని రహస్య ఓటుతోనే ఎన్నుకోవాలని స్పష్టంగా ఉంది, ఇన్నేళ్లలో ఒక్కసారీ పాటించలేదు! కోశాధికారికి ఒక్కరే నిలబడుతున్నారు, దానికీ చీటీలేనా? అందరూ సరే అంటే ఏకగ్రీవం అనేయకూడదా?

పాత మినిట్స్:
చీటీలే. సభ మొత్తం ఒప్పుకున్నా ఆ నియమాన్ని పక్కన పెట్టే వీల్లేదు, ఎందుకంటే అది ఉన్నదే ఇష్టం లేని ఆ ఒక్కరు నలుగురిలో బయటపడకుండా వేరే పేరు రాసుకోడానికి, అభ్యంతరం ఉంటే చెప్పండి అని అడగడంతోనే వాళ్లు బయటపడాల్సి వస్తుంది. పోటీ లేకపోతే చీటీ అక్కర్లేదని నియమావళిలోనే రాసి ఉంటే వేరే విషయం. నోటీసులో పదవుల పేర్లు, ఓటింగ్ రహస్యంగా ఉంటుందని, ముందుగానే రాసేయండి, నామినేషన్లు సభలో కూడా తీసుకుంటామని కూడా. లెక్కింపు అయ్యాక చీటీలు కవర్లో పెట్టి అంటించి కార్యదర్శి దగ్గర ఉంచండి, మళ్లీ లెక్కపెట్టమని అడిగే గడువు దాటాక చింపేయొచ్చు. ఆ గడువు ఎంతో ఆ సభలోనే తీర్మానం చేసుకోండి.