బ్లాక్ కీస్ జూనియర్ కింబ్రోకి చేసింది నివాళేనా?

పాతరికార్డు:
అమెరికన్ రాక్ జంట బ్లాక్ కీస్ 2021లో తెచ్చిన డెల్టా క్రీమ్ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా మిసిసిపీ హిల్ కంట్రీ బ్లూస్‌కి, అంటే ఉత్తర మిసిసిపీ కొండప్రాంతపు నల్లవాళ్ళ సంగీతానికి, నివాళి అనే రాస్తున్నారు. 11 పాటల్లో 5 జూనియర్ కింబ్రోవి. అంతకుముందు 2006లో చులహోమా అని ఒక ఈపీ (చిన్న ఆల్బమ్) తెచ్చారు, అది మొత్తం ఆయన పాటలే. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: కింబ్రో బ్లూస్ పాడుతూ గిటార్ వాయించేవాడు, ఆయనది ఉత్తర మిసిసిపీలో హాలీ స్ప్రింగ్స్ ప్రాంతం, 1930లో పుట్టాడు. చులహోమా అనే ఊళ్ళో ఆయనకి సొంత జూక్ జాయింట్ ఉండేది, అంటే జనం తాగి డాన్స్ చేసే చోటు, అక్కడే వాయించేవాడు. 1960ల చివర్లో ఒక సింగిల్ వస్తే దాని మీద పేరు కూడా కింబెల్ అని తప్పుగా వేశారు. మొదటి ఆల్బమ్ ఆల్ నైట్ లాంగ్ వచ్చేసరికి 1992, అప్పటికే అరవై దాటాయి. 1998లో పోయాడు, 2000లో ఆ జూక్ జాయింట్ కూడా కాలిపోయింది. బ్లాక్ కీస్ అంటే ఒహాయోలోని ఏక్రన్ నుంచి వచ్చిన గిటారిస్ట్ డాన్ ఆవర్‌బాక్, డ్రమ్మర్ ప్యాట్రిక్ కార్నీ; వీళ్ళు నాష్‌విల్‌లో సొంత స్టూడియోలో కూర్చుని, రెండు మధ్యాహ్నాల్లో, మొత్తం కలిపి 10 గంటల్లో ఆల్బమ్ చుట్టేశారు. దీన్ని నివాళి అనడానికి నాకు మనసొప్పట్లేదు.

వైజాగ్_డ్రమ్మర్:
పాటలు బాగున్నాయా లేదా? అది చెప్పండి ముందు.

రమణ_గిటార్:
పాతరికార్డు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కానీ సగమే చెప్పారు. వీళ్ళు 2021లో హఠాత్తుగా కింబ్రోని కనిపెట్టలేదు. 2002లో వచ్చిన మొట్టమొదటి ఆల్బమ్‌లోనే డూ ద రంప్ ఉంది, 2003లో ఎవ్రీవేర్ ఐ గో చేశారు. అప్పటికి వీళ్ళ పేరు కూడా ఎవరికీ తెలియదు, కింబ్రో పాట పెడితే అమ్ముడుపోతుందనుకునే పరిస్థితే లేదు. చులహోమాలో చివరి ట్రాక్ విన్నారా? అది పాట కాదు, కింబ్రో భార్య మిల్‌డ్రెడ్ ఫోన్‌లో వదిలిన మెసేజ్. జూనియర్ వాయించినట్టు వాయించింది మీరేనని మెచ్చుకుంటుంది. ఆవిడే ఒప్పుకున్నాక మనం ఒప్పుకోకపోవడం ఏంటండీ?

పాతరికార్డు:
ఆ మెసేజే నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉంది. ఒక పెద్దావిడ ఫోన్ చేసి మంచి మాట చెప్తే అది మనసులో పెట్టుకోవాలి, రికార్డు చివర అతికించి అమ్మకూడదు. ఇక 10 గంటల సంగతికి మీరు జవాబే ఇవ్వలేదు. ఒక మనిషి ముప్పై నలభై ఏళ్ళు వాయించి పట్టుకున్న బాణీని రెండు మధ్యాహ్నాల్లో అయిపోగొట్టడం మర్యాద అనిపించుకోదు.

శైలు:
ఆవిడ దగ్గర అనుమతి తీసుకుని ఉండొచ్చు కదా, మనకెలా తెలుసు?

రమణ_గిటార్:
10 గంటలు, 10 గంటలు అంటున్నారు. ఆ సంగీతం గురించి తెలిసే అంటున్నారా? కింబ్రో పాటలో మామూలు బ్లూస్‌కుండే పన్నెండు బార్ల లెక్క ఉండదు, చాలాసార్లు కార్డ్ కూడా మారదు. బొటనవేలు కింద తీగ మీద ఒకే దెబ్బ కొడుతూ పోతుంది, మిగతా వేళ్ళు పైన అదే చిన్న ముక్కని తిప్పి తిప్పి, ఒక్కోసారి అర క్షణం ఆలస్యంగా వాయిస్తాయి. పాట ఎప్పుడు ఆగాలో డాన్స్ చేసేవాళ్ళని చూసి ఆపుతారు. అలాంటిదాన్ని ఆరు నెలలు కూర్చుని ట్రాక్ మీద ట్రాక్ వేసి చేస్తేనే పాడైపోతుంది. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒక టేక్‌లో కొట్టెయ్యడమే దాని పద్ధతి. ఆల్ నైట్ లాంగ్ కూడా పెద్ద స్టూడియోలో నెలల తరబడి చేసింది కాదు.

డబ్బు మాట కూడా చెప్తా. అమెరికాలో ఒకసారి విడుదలైన పాటని ఎవరైనా మళ్ళీ రికార్డ్ చేయొచ్చు, కానీ రాసినవాళ్ళ వైపుకి కాపీకి ఇంత అని కట్టాలి. 2006 నుంచి 2022 దాకా అది పాటకి 9.1 సెంట్లు, 5 నిమిషాలు దాటితే నిమిషానికి 1.75 సెంట్లు. కవర్ మీద రచయితగా కింబ్రో పేరుంది. బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ హోల్ లాటా లవ్ పాటలో తన మాటలు వాడుకుందని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే తప్ప దారికి రాలేదు, 1987లో రాజీ పడ్డారు. ఇక్కడ ఎవరూ కోర్టుకి వెళ్ళాల్సిన పని పడలేదు. రెండూ ఒకే గాటన కట్టకండి.

పాతరికార్డు:
జెపెలిన్ పేరు నేనెత్తలేదు. ఇంతకన్నా ఘోరం చేసినవాళ్ళున్నారు కాబట్టి ఇది మంచిదే అంటే ఎలా?

నాకిది ఎందుకు తగులుతోందో చెప్తా. మా తాత నాట్ల పాటలు కట్టేవాడు. ఒక పాట జిల్లా అంతా పాకింది. తర్వాత ఒక క్యాసెట్ కంపెనీ దాన్ని వేరేవాళ్ళతో పాడించి అమ్మింది. ఆ క్యాసెట్ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అట్ట మీద పాడినావిడ పేరుంది, డోలక్ కొట్టినాయన పేరుంది, రచన అన్నచోట "జానపదం" అనుంది. మా నాన్న గొడవకి వెళ్తానంటే తాతే ఆపాడు. "పేరు పోతే పోయింది, నన్ను పిలిస్తే నేనే పాడేవాణ్ణి కదరా" అన్నాడు. నివాళి అనే మాట వినపడినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

వైజాగ్_డ్రమ్మర్:
ఇది చాలా అన్యాయం అన్నా. కానీ కింబ్రో పేరు వేశారు కదా.

రమణ_గిటార్:
మీ తాతగారికి జరిగింది దొంగతనం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ కోపాన్ని తెచ్చి ఏ పాపం ఎరగనివాళ్ళ మీద చల్లుతున్నారు. కింబ్రోని పిలవాలంటే ఎలా పిలుస్తారు? డెల్టా క్రీమ్ నాటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది!

మెంఫిస్_వాసు:
నేనుండే చోటు నుంచి హాలీ స్ప్రింగ్స్ గంట దూరం కూడా లేదు, అందుకే ఒక మాట. కింబ్రో పోయాడు సరే, ఆయన కొడుకులున్నారు. కిన్నీ కింబ్రో తండ్రి పక్కన డ్రమ్స్ కొట్టినవాడు. రాబర్ట్ కింబ్రో గిటార్ వాయిస్తాడు, పాడతాడు, తండ్రి పెట్టిన కాటన్ ప్యాచ్ సోల్ బ్లూస్ అనే పేరునే నడుపుతున్నాడు. డెల్టా క్రీమ్‌కి బయట నుంచి పిలిచిన పెద్ద పేర్లు రెండు, కెన్నీ బ్రౌన్, ఎరిక్ డీటన్. ఇద్దరూ గొప్పగా వాయిస్తారు, ఇద్దరూ తెల్లవాళ్ళే. నల్లవాళ్ళ ఊరి పాటలు, ఆ ఇంటి పిల్లలు బతికే ఉన్నారు, ముందు వరుసలో వాయించింది మాత్రం తెల్లవాళ్ళు. ఈ సంగతి ఎవరూ ఎత్తకుండా పదిగంటలు, సెంట్లు అని లెక్కలేస్తున్నారు.

రమణ_గిటార్:
వచ్చేశారా అక్కడికి! కెన్నీ బ్రౌన్ అదే ప్రాంతపు నల్లజాతి బ్లూస్ గాయకుడు ఆర్.ఎల్. బర్న్‌సైడ్ పక్కన దశాబ్దాల పాటు వాయించాడు, బర్న్‌సైడ్ అతన్ని కొడుకులా చూసుకున్నాడు. డీటన్ కింబ్రోతోనే వాయించాడు. పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళని ఒంటి రంగు చూసి బయటివాళ్ళంటారా? నేను చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకుందామని వెళ్తే ఒక మాస్టారు మా నాన్నతో "మీ ఇళ్ళల్లో ఇది రాదు లెండి" అని తిప్పి పంపించాడు. ఏ ఇళ్ళో మీకు అర్థమయ్యే ఉంటుంది. సంగీతం ఏ ఇంట్లో పుట్టినవాడికి వస్తుందో ఇంకొకడు తేల్చడం నేను జన్మలో ఒప్పుకోను, అది మాస్టారు చేసినా, మీరు చేసినా.

మెంఫిస్_వాసు:
ఆ మాస్టారు మిమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపాడు. ఆవర్‌బాక్‌ని ఎవరాపారు? గుమ్మం తాళం ఎవరి చేతిలో ఉందో చూడండి. రికార్డ్ కంపెనీ, స్టూడియో, టూర్లు, అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. కిన్నీని పిలవాలా వద్దా అనేది కూడా అతనిష్టమే. మీ అనుభవం నా వాదనకే బలం.

శైలు:
ఇద్దరూ కొంచెం తగ్గండి, ప్లీజ్. ఆ ఏడాది గ్రామీ కంటెంపరరీ బ్లూస్‌లో డెల్టా క్రీమ్ నామినేషన్‌లో ఉంటే, అవార్డు కింగ్‌ఫిష్ ఇంగ్రామ్‌కి వచ్చింది. అతను మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ కుర్రాడు, ఆల్బమ్ పేరు 662, అది వాళ్ళ ప్రాంతం ఫోన్ కోడే. తాళాలన్నీ ఒకరి దగ్గరే లేవు.

పాతరికార్డు:
శైలు గారూ, ఒక్క కుర్రాడికి అవార్డు రావడం సంతోషమే, దానికీ కింబ్రో ఇంటికీ సంబంధం లేదు. వాసు గారు అన్నదే నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది, 10 గంటల దగ్గర ఇరుక్కుపోయాం. రమణ గారూ, తెల్లవాళ్ళు వాయించకూడదని నేననను. మీకు నివాళి అంటే పాటకి. పాట సరిగ్గా వాయించారు, పేరు వేశారు, డబ్బు కట్టారు, అక్కడితో బాకీ తీరిపోయింది. నాకు నివాళి మనిషికి. మనిషి లేకపోతే ఆ డ్రమ్స్ దగ్గర ఆయన కొడుకుని కూర్చోబెట్టాలి. కార్నీ ఒక ఆల్బమ్‌కి పక్కకి జరిగితే బ్లాక్ కీస్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు.

రమణ_గిటార్:
కార్నీ లేకపోతే అది బ్లాక్ కీస్ ఆల్బమే కాదు. పాటకి చేసిన మర్యాద మనిషికి చేసినట్టే, అంతకన్నా ఎక్కువ ఎవరు చేయగలరు? వాళ్ళ కొడుకుల్ని పిలిచి ఉంటే నేనూ సంతోషించేవాణ్ణి, పిలవలేదు కాబట్టి నివాళి కాదు అంటే మాత్రం ఒప్పుకోను. వాసు గారూ, రాబర్ట్ పాటలు ఇప్పుడే పెట్టాను, వింటూ రాస్తున్నా. బాగున్నాయి. మనం మాట్లాడుకుంటున్నది మాత్రం దీని గురించి కాదు.

మెంఫిస్_వాసు:
దీని గురించే.