అప్‌డేట్: స్కూల్ ఫీజు కోసం అప్పు చేయాలా అని అడిగాను కదా

ఇద్దరు పిల్లల ప్రైవేట్ స్కూల్ ఫీజు మా వల్ల కావట్లేదు, అప్పు చేసైనా అక్కడే ఉంచాలా, మార్చేయాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే ఫీజు రసీదు ముందేసుకుని ఒక్కో లైనూ చూశాం. ట్యూషన్ ఫీజు పెద్దగా పెరగలేదు, వాత అంతా దాని కింద ఉంది: బస్సు, డిజిటల్ క్లాస్, యాక్టివిటీలు, చివర్లో 'ఇతరములు'. ఆ ఇతరములు ఏంటని కౌంటర్లో అడిగితే ఆవిడ లోపలికెళ్లి వచ్చి "అది అందరికీ ఉంటుందండీ" అంది, అంతే! కాగితం మీద రాసిచ్చాక మాత్రం కదలిక వచ్చింది. రెండో బిడ్డకి తగ్గింపు ఉందట, అడిగినవాళ్లకే ఇస్తారట. టర్మ్ ఫీజుని నెలవారీ వాయిదాలు చేశారు, బస్సు మేమే మానేశాం. పాఠ్యపుస్తకాలు సీనియర్ల దగ్గర తీసుకున్నాం కానీ వర్క్‌బుక్కులు కొనక తప్పలేదు, పాతవాటిలో జవాబులన్నీ నింపేసి ఉంటాయి కదా.

అప్పు మాత్రం వద్దనుకున్నాం. ఫీజు ఏటా వచ్చేది, ఈ ఏడాది అప్పు తీరకముందే వచ్చే ఏడాది ఫీజు నెత్తిన కూర్చుంటుంది.

పెద్దమ్మాయిది పదో తరగతి కాబట్టి కదపట్లేదు. చిన్నవాడిని వచ్చే ఏడాది దగ్గర్లోని ప్రభుత్వ బడిలో వేస్తున్నాం, వెళ్లి టీచర్లతో మాట్లాడాం, నాకైతే నచ్చింది. మా అత్తగారు ఇంకా అలిగే ఉన్నారు.

ఇంకొక్కటి అడగాలి: అడ్మిషన్ అప్పుడు కట్టిన డిపాజిట్ ఎవరైనా వెనక్కి తెచ్చుకున్నారా? టీసీతో పాటే అడగాలా, ముందేనా?