ఆగిపోయిన కాలేజీ బేస్‌బాల్ జట్టుని తక్కువ ఖర్చుతో మళ్లీ నిలబెట్టగలమా?

క్యాచర్‌బాబు
అందరికీ నమస్కారం. నేను ఒహాయోలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో చదివాను, 2004 బ్యాచ్. నాలుగేళ్లూ క్యాచర్‌గా ఆడాను. డివిజన్ త్రీ కాలేజీ, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో మూడో స్థాయి, ఆటకి స్కాలర్‌షిప్పులు ఉండవు. 2020 వేసవిలో కోవిడ్ నష్టాలు చూపించి బేస్‌బాల్ ఎత్తేశారు. ఇప్పుడు పూర్వ విద్యార్థుల కమిటీలో ఉన్నాను. వచ్చే నెల కాలేజీ ముందు ప్రతిపాదన పెట్టాలి. అక్కడి తల్లిదండ్రులు, పిల్లలు ఇక్కడ కొందరు ఉన్నారని తెలుసు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నాను.

నా ఆలోచన ఇది. క్లబ్ జట్టు ఇప్పటికే ఉంది, పద్దెనిమిది మంది కుర్రాళ్లు సొంత డబ్బు వేసుకుని ఆడుతున్నారు. రెండేళ్లు దాన్నే బలపరిచి, మూడో ఏడు అధికారిక జట్టు చేద్దాం. పాత మైదానం పార్కింగ్‌కి పోయింది, కాబట్టి సిటీ పార్కు మైదానం గంటల లెక్కన అద్దెకి తీసుకుందాం. హెడ్ కోచ్‌కి పూర్తి జీతం, మిగతా ఇద్దరూ పార్ట్‌టైమ్. పొద్దున బస్సెక్కి రాత్రికి తిరిగొచ్చే దూరాల్లోనే మ్యాచ్‌లు. డివిజన్ త్రీలో సీజన్‌కి 40 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు, మొదట్లో అన్నీ ఆడక్కర్లేదు. ఇంకెక్కడ తగ్గించొచ్చో చెప్పండి.

లెక్కలమాష్టారు
బాబూ, మీరు ఖర్చు తగ్గించడం గురించే ఆలోచిస్తున్నారు. ఆదాయం వైపు చూడండి. డివిజన్ త్రీలో ఆటగాడు ఫీజు కట్టే విద్యార్థి. ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరేవాళ్లకి అసలు ఫీజులో సగానికి పైగా రాయితీయే పోతోంది, నిజమే. రాయితీ పోను తలకి 20,000 డాలర్లు మిగిలాయనుకుందాం. 35 మంది వస్తే ఏడాదికి 7 లక్షలు. కోచ్‌లు, బస్సు, అంపైర్లు, బంతులు, ఫిజియో అన్నీ కలిపినా అంత అవదు. అమెరికాలో పుట్టుకలు 2007లో 43 లక్షలు దాటి, అప్పటినుంచి తగ్గాయి. ఆ ఏడు పుట్టినవాళ్లు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. ఇకమీదట చేరేవాళ్లే తగ్గుతారు. చిన్న కాలేజీలు కొత్త ఆటలు పెడుతున్నది అందుకే. బేస్‌బాల్ భారం కాదు, ఆదాయం.

కొత్తగా_చేరా
పై స్థాయి డివిజన్ వన్‌లోనే ఒక్కో బేస్‌బాల్ జట్టుకి 11.7 స్కాలర్‌షిప్పులు కదా ఇచ్చేది. అంత ఖర్చు ఎక్కడుంది?

లెక్కలమాష్టారు
అది పాత లెక్క తమ్ముడూ. 2025 జూన్‌లో హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లింపుల మీద దావా) సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన కాలేజీలకి ఆ 11.7 పోయి జట్టు జాబితాలో 34 మందే ఉండాలన్న రోస్టర్ పరిమితి వచ్చింది. మనది డివిజన్ త్రీ, మనకి రెండూ వర్తించవు.

సాఫ్ట్‌బాల్_అమ్మ
మాష్టారూ, ఆ 35 మందిలో జట్టు లేకపోయినా ఎలాగూ ఇక్కడే చేరేవాళ్లెంతమంది? వాళ్ల ఫీజు బేస్‌బాల్ ఖాతాలో ఎలా వేస్తారు? చేరినవాళ్లలో రోస్టర్‌లో ఆడే అవకాశం రాక రెండో ఏడు వెళ్లిపోయేవాళ్లెంతమంది? ఆ లెక్క మీరు వేయలేదు.

మా అమ్మాయి అదే కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. మూడేళ్లుగా ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌కి పైకప్పు వేస్తామంటున్నారు. మార్చిలో వాన పడితే పిల్లలు బ్యాగుల మీద టార్ప్ కప్పి, తాము తడుస్తూ కూర్చుంటారు. ఇప్పుడు ఇంకో 35 మంది అబ్బాయిలొస్తే ఆ ఒక్క ఫిజియో, ఆ ఒక్క వెయిట్ రూమ్ ఎవరికి ముందు?

క్యాచర్‌బాబు
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ మేము అడుగుతున్నది దాతల డబ్బుతో నడిపే జట్టు. కాలేజీ బడ్జెట్ నుంచి ఒక్క డాలరు తీయం. కాబట్టి అమ్మాయిల ఆటలకి నష్టం ఉండదు.

సాఫ్ట్‌బాల్_అమ్మ
అలా కుదరదండీ. చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ముందు డబ్బు ఎవరు ఇచ్చారన్న ప్రశ్నే లేదు. దాతలు ఇచ్చినా, అబ్బాయిలకి దక్కిన సౌకర్యానికి తగ్గట్టు అమ్మాయిలకి ఇవ్వాల్సిన బాధ్యత కాలేజీదే. సౌకర్యాలే కాదు, సంఖ్య కూడా. విద్యార్థుల్లో అమ్మాయిలు ఎంత శాతమో ఆటల్లోనూ దాదాపు అంత ఉండాలన్నది కాలేజీలు నిరూపించుకునే మూడు దారుల్లో మొదటిది. సగం పైన అమ్మాయిలున్న చోట 35 మంది అబ్బాయిల్ని కలిపితే ఆ దారి మూసుకుపోతుంది. ఒరెగాన్ యూనివర్సిటీ 1981తో ఆగిన బేస్‌బాల్‌ని 2009లో తిరిగి తెచ్చినప్పుడు, కుస్తీ జట్టుని తీసేసి, అమ్మాయిలకి పోటీల్లో పాల్గొనే చీర్‌లీడింగ్ జట్టు పెట్టింది. మీ ప్రతిపాదనలో అమ్మాయిల మాటే లేదు. ఉంటే ఎన్ని చోట్లో, ఏ ఆటలోనో రాయండి.

లెక్కలమాష్టారు
చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు. మనసుంటే మార్గం ఉంటుందనడానికి బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ చాలు. 2010 సెప్టెంబరులో ఎత్తేస్తామన్నారు. దాతలు కోటి డాలర్ల దరిదాపుల్లో హామీలు తెచ్చారు. 2011 ఏప్రిల్‌లో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆ జూన్‌లో అదే జట్టు కాలేజీ బేస్‌బాల్ జాతీయ టోర్నీ చివరి దశ, కాలేజీ వరల్డ్ సిరీస్‌లో ఆడింది!

ఎడమచేతి_నాన్న
బర్క్‌లీ జట్టు ఒక్క రోజు కూడా ఆగలేదు. రద్దవుతుందన్న సీజన్‌లోనే ఆడుతుండగా కాపాడుకున్నారు. కోచ్ ఉన్నాడు, పిల్లలున్నారు, మైదానం ఉంది. ఈ చర్చకి అది ఉదాహరణ కాదు.

లెక్కలమాష్టారు
రద్దు ప్రకటించాక వెనక్కి తేవడం పునరుద్ధరణే. బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీ కూడా ఉంది, మన ఒహాయోలోనే. 2020 మేలో ఎత్తేశారు, మూడు వారాలు తిరక్కుండా పూర్వ విద్యార్థులు 15 లక్షల డాలర్ల హామీలు పోగుచేశారు, జూన్‌లో తిరిగొచ్చింది.

ఎడమచేతి_నాన్న
అదీ ఆగలేదు మాష్టారూ. ఆ మధ్యలో ఒక్క మ్యాచ్ పోలేదు. ఊపిరి ఉన్నవాణ్ణి బతికించడం వేరు.

లెక్కలమాష్టారు
సరే, ఆక్రన్ యూనివర్సిటీ తీసుకోండి. 2015లో ఎత్తేశారు, 2020 సీజన్‌లో మళ్లీ ఆడారు. అది పూర్తిగా ఆగి వచ్చిందే కదా?

ఎడమచేతి_నాన్న
అవును, అది ఒప్పుకుంటాను. మరి అదే 2020 సీజన్‌లో తిరిగొచ్చిన బోయిసీ స్టేట్ యూనివర్సిటీ సంగతి మీరెందుకు చెప్పరు? 1980లో ఆపిన జట్టు. 2017లో కుస్తీ తీసేసి బేస్‌బాల్ తెస్తామన్నారు. నలభై ఏళ్ల తర్వాత మొదలై 14 మ్యాచ్‌లు ఆడింది. కోవిడ్ వచ్చింది. జూలైలో మళ్లీ ఎత్తేశారు. కుస్తీ పోయింది, బేస్‌బాలూ పోయింది. ఆ 14 మ్యాచ్‌లని నమ్మి వచ్చిన పిల్లల గురించి ఎవరైనా ఆలోచించారా?

కొత్తగా_చేరా
కోవిడ్ వస్తుందని ఎవరికి తెలుసు అన్నా.

లెక్కలమాష్టారు
ఆక్రన్ ఒప్పుకున్నారుగా. నా మాట నిలిచింది.

ఎడమచేతి_నాన్న
నిలిచింది మాష్టారూ, దాచిపెట్టుకోండి. నా మాట కూడా వినండి.

మా వాడు ఎడమచేతి పిచ్చర్, అంటే బ్యాటర్లకి బంతి విసిరేవాడు. క్యాచర్‌బాబు గారు చెబుతున్న కాలేజీలోనే 2019లో చేరాడు. ఇంకో రెండు చోట్ల పిలిచినా ఇక్కడికే పంపాం. కోచ్ మా ఇంట్లో సోఫాలో కూర్చుని, 'నాలుగేళ్లు నా దగ్గరుంటాడు' అని మా ఆవిడతో చెప్పాడు. ఆయన తప్పు లేదు, ఆయన్నీ తీసేశారు. మొదటి సీజన్ మార్చిలో ఆగిపోయింది. వేసవిలో ఒక వీడియో కాల్. పదకొండు నిమిషాలు. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. వాడు కెమెరా ఆపేసి, చేతిలో బంతిని కుట్ల మీద తిప్పుతూనే ఉన్నాడు. కాల్ అయిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

ట్రాన్స్‌ఫర్ అవ్వమన్నారు. అందరికీ ఇంకో ఏడాది ఆడే అర్హత ఇచ్చారు కాబట్టి ఉన్న ఆటగాళ్లెవరూ వెళ్లలేదు, ఎక్కడా ఖాళీ లేదు. ఆ పైన ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌ని 2021 నుంచి 40 రౌండ్ల నుంచి 20కి కుదించారు. ఇదివరకు ప్రొఫెషనల్‌కి వెళ్లిపోయేవాళ్లు కూడా కాలేజీల్లోనే మిగిలారు. మార్చుకున్న కాలేజీలో వాడి క్రెడిట్లు సగం చెల్లలేదు. డిగ్రీకి ఆరేళ్లు పట్టింది. ఆట మళ్లీ ఆడలేదు. ఆ అదనపు రెండేళ్ల ఫీజు నేను అప్పు చేసి కట్టాను.

మీరు 'తక్కువ ఖర్చు' అన్నప్పుడల్లా నాకు ఆ అప్పు గుర్తొస్తుంది. కాలేజీకి తక్కువే పడింది. మిగతాది నేను కట్టాను.

క్యాచర్‌బాబు
అన్నా, మీ అబ్బాయికి జరిగింది అన్యాయం. కాదనను. కానీ ఇక్కడ మీరు చేస్తున్నదేంటి? మీవాడికి దక్కలేదు కాబట్టి ఇక ఎవరికీ దక్కకూడదంటున్నారు. ఆరు వారాల నుంచి నేను ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పన్నెండు దాకా ఫోన్లు చేస్తున్నాను, ఒక్కొక్కర్నీ బతిమాలుతున్నాను. మీరు వచ్చి ప్రతి ఉదాహరణా కొట్టేస్తున్నారు.

ఎడమచేతి_నాన్న
ఎవరికీ దక్కకూడదని నేను ఎక్కడన్నాను? చూపించండి.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. విషయం మీద రాయండి.

ఎడమచేతి_నాన్న
విషయం మీదే రాస్తున్నాను. జట్టు రావాలనే నా కోరిక. సిటీ పార్కులో ఆడండి, పార్ట్‌టైమ్ కోచ్‌ని పెట్టండి, పాత బ్యాట్లతో ఆడండి, నాకేమీ అభ్యంతరం లేదు. నా షరతు ఒక్కటే. మొదటి కుర్రాడికి ఫోన్ చేసే ముందు, వాడు చదివే నాలుగేళ్లకీ జట్టు నడిచే డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. హామీలు కాదు, డబ్బు. ఆ ఖాతాని కాలేజీ ఇంకో పనికి కదపకూడదు. జట్టు ఆపాల్సొస్తే, కొత్తవాళ్లని తీసుకోవడం ఆపి, ఉన్నవాళ్లు డిగ్రీ పూర్తి చేసేదాకా ఆడించాలి. ఇది కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

క్యాచర్‌బాబు
నాలుగేళ్ల డబ్బు ముందే అంటే ఈ జట్టు ఎప్పటికీ రాదు. ఇది నేను కోపంతో అనడం లేదు, ఫోన్లు చేసినవాడిగా చెబుతున్నాను. మా పాత ఆటగాళ్లు ఖాళీ మైదానానికి చెక్కు రాయరు. శనివారం మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కూర్చోవడానికి ఒక మ్యాచ్ ఉండాలి, అప్పుడు రాస్తారు. 1970ల్లో ఆడినవాళ్లు ఏటా కొందరు పోతున్నారు. ఇంకో ఐదేళ్లు పోగుచేస్తూ కూర్చుంటే ఇచ్చేవాళ్లు మిగలరు. కొంత రిస్కు తీసుకోక తప్పదు.

సాఫ్ట్‌బాల్_అమ్మ
ఆ రిస్కు ఎవరిది బాబూ? చెక్కు రాసినవాళ్లది కాదు, కమిటీది కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లలది. ఇప్పుడు కదా అసలు విషయం బయటికొచ్చింది. మైదానం అద్దె ఎంత, బస్సు ఎంత అని ఇన్ని పోస్టులు రాసుకున్నాం.

లెక్కలమాష్టారు
ఫీజుల ఆదాయం ఉంటే ఈ రిస్కే ఉండదని మొదటి పోస్టులోనే చెప్పాను.

షార్ట్‌స్టాప్22
అంకుల్, ఆంటీ, నేను ఆ క్లబ్ జట్టులో ఆడుతున్నాను. మూడో సంవత్సరం. ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నా.

సిటీ పార్కు మైదానం గంటల అద్దె అన్నారు. ఏప్రిల్ నుంచి ఆ మైదానం చిన్నపిల్లల లీగులకి రాత్రి దాకా నిండి ఉంటుంది. మాకు దొరికేది ఆదివారం పొద్దున. పిచ్చర్ నిలబడి బంతి విసిరే మట్టి దిబ్బ, అదే మౌండ్, పది అంగుళాల ఎత్తుండాలి, మాది అంతకన్నా అరిగిపోయింది. పిచ్చర్ ముందుకాలు పడే చోట మడమ లోతు గుంట. మేమే బకెట్లతో బంకమట్టి తెచ్చి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టి నింపుతాం. రెండు వారాలకి మళ్లీ గుంట. పోయిన సీజన్‌లో అందులో అడుగు పడి మా పిచ్చర్ మోకాలు తిరిగింది. ఫిజియో లేడు, నేనే కార్లో తీసుకెళ్లాను. మీ లెక్కల్లో ఏది తగ్గించినా, ఆ మట్టి, ఆ ఫిజియో తగ్గించకండి.

ఇంకోటి. క్లబ్‌ని బలపరిచి అధికారిక జట్టు చేస్తామన్నారు. అధికారిక జట్టు వస్తే కోచ్ బయట స్కూళ్ల నుంచి 35 మందిని తెస్తాడు. లెక్కల అంకుల్‌కి కావాల్సిన ఫీజులూ వాళ్లవే. మా పద్దెనిమిది మందిలో ఆ జట్టులో చోటు దొరికేది ఇద్దరికో ముగ్గురికో. మిగతావాళ్లకి క్లబ్ కూడా ఉండదు, ఎందుకంటే ఆ ఆదివారం పొద్దున కూడా అధికారిక జట్టే తీసుకుంటుంది. మీరు తిరిగి తెస్తామంటున్నది మీ జట్టుని. మేము ఇప్పుడు ఆడుతున్నాం.

క్యాచర్‌బాబు
తమ్ముడూ, ఇది నేను ఆలోచించలేదు. నిజంగా. ట్రయల్స్‌లో క్లబ్ కుర్రాళ్లకి మొదటి అవకాశం అని రాస్తాను.

షార్ట్‌స్టాప్22
అవకాశం కాదన్నా. క్లబ్ గంటలు క్లబ్‌కే ఉంటాయని రాయండి.

ఎడమచేతి_నాన్న
క్యాచర్‌బాబు గారూ, ఈ అబ్బాయి అడిగింది, సాఫ్ట్‌బాల్ అమ్మగారు అడిగింది, నేను అడిగింది మీ కాగితంలో ఎక్కితే నేనూ నా వంతు వేస్తాను. ఎక్కకపోతే మీటింగుకి వచ్చి ఇక్కడ రాసిందే అక్కడ చెబుతాను.

క్యాచర్‌బాబు
నాలుగేళ్ల డబ్బు అన్నది నేను ఒప్పుకోలేను. రెండేళ్లు డబ్బు చేతిలో, మిగతా రెండేళ్లు రాతపూర్వక హామీలు. అక్కడిదాకా కమిటీని ఒప్పించగలను.

ఎడమచేతి_నాన్న
మా వాడికి రెండో ఏడు మొదలవకముందే ఫోన్ వచ్చింది. నాలుగు.

లెక్కలమాష్టారు
ఆక్రన్ ఎలా చేసిందో కనుక్కుని ప్రతిపాదనలో పెట్టండి బాబూ.

షార్ట్‌స్టాప్22
అంకుల్, మీ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు? దగ్గర్లో ఉంటే ఆదివారం ఎనిమిదింటికి పార్కుకి రమ్మనండి. మాకు ఎడమచేతి పిచ్చర్ లేడు. మ్యాచ్‌లో ఆడే అర్హత లేకపోయినా, ప్రాక్టీసులో బ్యాటర్లకి వేస్తే చాలు. గుంట శనివారమే నింపేస్తాం.