జాతి వర్గాన్ని చూసి కుక్కకు, పిల్లికి రాబోయే జబ్బులు చెప్పవచ్చునా?

ప్రశ్న: కొత్తగూడు

అందరికీ నమస్కారం. మేము త్వరలో ఒక కుక్కపిల్లను, అది ఇంటికి అలవాటు పడిన తరువాత ఒక పిల్లికూనను తెచ్చుకోవాలని అనుకుంటున్నాము. జబ్బుల విషయంలో ముందే జాగ్రత్తపడదామని జాతుల గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కుక్క జాతులను 7 వర్గాలుగా, ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ సమాఖ్య 10 వర్గాలుగా విభజించాయని తెలిసింది. ఆ 7 పేర్లనూ కాగితం మీద వరుసగా రాసుకుని, ఒక్కొక్క పేరు ఎదుట ఆ వర్గంలో తరచుగా కనిపించే జబ్బులను నింపుదామని కూర్చున్నాను. మూడు జాతులు దాటేసరికే లెక్క తప్పింది. పగ్ టాయ్ వర్గంలో, ఫ్రెంచ్ బుల్‌డాగ్ నాన్ స్పోర్టింగ్ వర్గంలో, బాక్సర్ వర్కింగ్ వర్గంలో ఉన్నాయి. మూడింటి ఎదుటా మాత్రం ఊపిరి ఇబ్బంది అనే రాయవలసి వచ్చింది. అలాంటప్పుడు ఈ వర్గాల వల్ల నాబోటివారికి ప్రయోజనం ఏమిటి?

మా వారికి పగ్ మీద మనసు. మా అమ్మాయికి చెవులు ముందుకు మడిచి ఉండే స్కాటిష్ ఫోల్డ్ పిల్లి కావాలి. ఏ జాతికైనా ఏదో ఒక జబ్బు ఉండనే ఉంటుంది కాబట్టి ఇంత తర్జనభర్జన అనవసరమని మా వారి వాదన. అనుభవమున్నవారు కాస్త వివరించగలరు.

జవాబు: నాడిపట్టు

కొత్తగూడు గారూ, మీ కాగితంలో తప్పు లేదు, గడులు గీసిన పద్ధతిలో ఉంది. కెన్నెల్ క్లబ్బుల వర్గాలు చాలావరకు ఆ కుక్కలను ఒకప్పుడు ఏ పనికి పెంచారన్న దానిని బట్టి ఏర్పడ్డాయి. వేటకు వెళ్ళేవి, మందను కాసేవి, కాపలా ఉండేవి, ఒళ్ళో కూర్చోబెట్టుకునేవి అని ప్రదర్శనల కోసం చేసుకున్న ఏర్పాటు అది. జబ్బు చాలాసార్లు పనిని బట్టి రాదు. పుర్రె ఆకారాన్ని, కాళ్ళ పొడవును, ఒంటి బరువును, తాతముత్తాతల రక్తాన్ని బట్టి వస్తుంది. పశువైద్యురాలిగా నేను కుక్క గదిలోకి నడిచి వస్తున్నప్పుడు చూసేది వాటినే.

మీ వారు పగ్ అన్నారు కనుక చప్పిడి ముక్కు సంగతి వివరంగా చెబుతాను. ఈ కుక్కల్లో మూతి ఎముక కురచబడింది గాని, దాని లోపల ఉండవలసిన మెత్తటి కండ అంతగా తగ్గలేదు. అందువల్ల అంగిలి వెనుక భాగం గొంతులోకి వేలాడుతుంది, నాలుక ఇరుకవుతుంది, ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి ఒంటి వేడి తగ్గించుకునే ప్రధానమైన దారి. ఆ దారే ఇరుకైనప్పుడు కాసేపటి ఆటకే వడదెబ్బ తగలవచ్చు. గురక పెడుతుంటే ముద్దుగా ఉందని చాలామంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ చప్పుడు ఊపిరి కోసం పడే పాట్లది. కొన్ని పగ్‌లు కూర్చునే కునుకు తీస్తాయి, కొన్ని గడ్డాన్ని ఎత్తు మీద ఆనించుకుని గాని, నోట్లో బొమ్మ కరచుకుని గాని నిద్రపోతాయి. నోరు మూతపడితే ఊపిరి ఆడదని వాటికి అనుభవంతో తెలిసిపోయింది.

పిల్లను ఎంచుకునేటప్పుడు ముక్కు రంధ్రాలను దగ్గరగా చూడండి. అవి గుండ్రంగా తెరుచుకుని ఉండాలి. గోటితో గీసిన గీతలా సన్నగా కనిపిస్తే ఆ పిల్లను తీసుకోవద్దు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన పరీక్షలో కుక్కను 3 నిమిషాలు చురుకుగా నడిపించి, నడకకు ముందూ తరువాతా గొంతు దగ్గర ఊపిరి చప్పుడు విని 0 నుంచి 3 వరకు శ్రేణి ఇస్తారు. తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించారేమో అడగండి. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు పుర్రె పొడవులో సుమారు మూడో వంతుకు తగ్గిన కుక్కలకు పిల్లలను పుట్టించకుండా 2019లో నిబంధన అమలులోకి తెచ్చారంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించవచ్చు. పొడుచుకువచ్చినట్లుండే కళ్ళకు పుండ్లు పడటం, ముఖం మడతల్లో చర్మం ఒరిసిపోవడం కూడా ఈ ఆకారంతోనే వస్తాయి.

పెద్ద కుక్కల మాట క్లుప్తంగా చెబుతాను. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వైలర్ వంటివాటికి తుంటి కీలు సరిగా అమరకపోవడం, గ్రేట్ డేన్ వంటి లోతైన ఛాతీ ఉన్నవాటికి కడుపు ఉబ్బి మెలిపడటం ప్రధానమైనవి. పొట్ట బిగుసుకుపోయి, కక్కబోయినా ఏమీ బయటికి రాకపోతే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ జబ్బు గంటల్లో ప్రాణం తీస్తుంది. బాగా చిన్నవాటిలో మోకాలి చిప్ప జారడం, పళ్ళకు గార పట్టి చిగుళ్ళు పాడవడం, శ్వాసనాళం నొక్కుకుపోవడం ఎక్కువ. అందుకే పొమెరేనియన్‌కు మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడమంటాము.

జవాబు: పొడుగుచెవులు

నాడిపట్టు గారు చెప్పిన కాళ్ళ పొడవు మాటకు మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మాది డాక్స్‌హండ్. దానికి 5 ఏళ్ళ వయసులో ఒక ఉదయం సోఫా దగ్గరకు వచ్చి, ఎక్కకుండా నిలబడి నా వైపు చూసింది. బద్ధకమనుకున్నాను. సాయంత్రానికి నేల మీద ఒక కొత్త చప్పుడు వినిపించింది: వెనుక కాళ్ళ గోళ్ళు గచ్చు మీద గీసుకుంటున్న చప్పుడు. పాదం ఎత్తి వేయలేక ఈడుస్తోంది. వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెన్నుపామును నొక్కుతోందని ఆసుపత్రిలో చెప్పారు. దాని కాలివేళ్ళను గట్టిగా నొక్కినప్పుడు నొప్పి తెలుస్తుండటం వల్ల శస్త్రచికిత్స లేకుండా, మందులతోనూ చిన్న బోనులో కొన్ని వారాల విశ్రాంతితోనూ గట్టెక్కింది. వేళ్ళలో నొప్పి కూడా తెలియని స్థితికి చేరితే ఒక్క గంట కూడా వృథా చేయరాదట.

కాళ్ళను కురచ చేసే ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు ప్రతి ఒకటి ఈ కుక్కల్లో ఉంటుందనీ, అదే డిస్కును చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుందనీ 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే మనం ముచ్చటపడే పొట్టి కాళ్ళూ, ఆ వెన్ను జబ్బూ ఒకే మూలం నుంచి వచ్చాయి. కార్గీలలోనూ ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలోనూ ఇదే కథ. అవి మళ్ళీ వేరువేరు వర్గాలవి! మా ఇంట్లో ఇప్పుడు సోఫాకు వాలుబల్ల వేశాము, బరువును నెలకోసారి తూచి రాసుకుంటున్నాము.

అయితే వర్గం అసలే పనికిరాదని కూడా అనలేను. మందను కాసే వర్గంలో కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి కొన్ని జాతులకు పూర్వీకులు ఒక్కరే కావడంతో ఎండీఆర్1 అనే జన్యుదోషం వాటిలో విస్తరించింది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2001లో దానిని గుర్తించారు. ఆ దోషమున్న కుక్కకు పురుగులను చంపడానికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ అనే మందు ఎక్కువ మోతాదులో పడితే అది మెదడులోకి చేరి తూలడం, మూర్ఛ, ఒక్కోసారి మరణం సంభవిస్తాయి. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది పంపితే సరిపోయే పరీక్ష ఉంది. ఇక్కడ ఆకారం ఏమీ చెప్పదు, వంశమే చెబుతుంది.

జవాబు: మీసాలరాయుడు

పిల్లుల గురించి నేను చెబుతాను. కుక్కల్లో ఉన్నంత ఆకార భేదం పిల్లుల్లో లేదు కాబట్టి వాటి జబ్బులను వంశాన్ని బట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. చదునైన ముఖమున్న పర్షియన్, ఎక్జాటిక్ జాతులకు మాత్రం పగ్‌కు చెప్పినవే చాలావరకు వర్తిస్తాయి. కన్నీరు ఎప్పుడూ కారుతూ కళ్ళ కింద మరకలు కడుతుంది.

మీ అమ్మాయి కోరిక విషయంలో నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. స్కాటిష్ ఫోల్డ్‌లో మడిచిన చెవి ఒక అందమూ, కీళ్ళ జబ్బు దాని పక్కన వచ్చే ప్రమాదమూ కావు, రెండూ ఒకటే. స్కాట్లాండ్‌లో 1961లో కనిపించిన సూసీ అనే తెల్లపిల్లి నుంచి ఈ జాతి మొదలైంది. చెవిని మడిచే ఆ జన్యుదోషం ఒళ్ళంతటా మృదులాస్థిని పాడుచేస్తుంది, తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చినా చాలు. దానికి కారణమైన జన్యువును 2016లో గుర్తించారు. కొన్నిటికి తొందరగా, తీవ్రంగా వస్తుంది, కొన్నిటికి ఆలస్యంగా వస్తుంది. ఈ పిల్లులు మనుషుల్లా కాళ్ళు ముందుకు చాపి కూర్చున్న ఫొటోలు చూసి నవ్వుకుంటాము గాని, ఒక్కోసారి అది నొప్పి పుట్టే కాళ్ళ మీద బరువు వేయలేక కూర్చున్న తీరు. తోకను మెల్లగా ఎత్తి చూడండి, బిగుసుకుని ఉంటే విషయం తెలిసిపోతుంది. అదే ఈతలో నిటారు చెవులతో పుట్టిన కూనలకు ఆ దోషం ఉండదు. ముఖం మాత్రం అంతే గుండ్రంగా ఉంటుంది. మీ అమ్మాయికి అలాంటి దానిని చూపించండి.

పర్షియన్‌లో కిడ్నీలలో నీటితిత్తులు ఏర్పడే జబ్బుకు 2004 నుంచి జన్యుపరీక్ష ఉంది. మెయిన్ కూన్, రాగ్‌డాల్ జాతుల్లో గుండె కండరం మందమెక్కుతుంది. రెండింటికీ జన్యుపరీక్షలున్నాయి గాని, అందులో దోషం లేదని వచ్చినా గుండె స్కానింగ్ మానకూడదు, ఎందుకంటే తెలిసిన దోషం లేని పిల్లులకూ ఆ జబ్బు వస్తుంది. ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు దాని పక్కటెముకలు నిమిషానికి ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. 30 దాటుతున్నట్లు పదేపదే కనిపిస్తే వైద్యుడికి చూపించాలి.

జవాబు: వీధిగస్తీ

ఇదంతా చదివి సంకరజాతిని తెచ్చుకుంటే ఏ బాధా ఉండదని ఎవరైనా తీర్మానించుకుంటారేమోనని రాస్తున్నాను. నేనూ అలాగే అనుకునేవాడిని. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వారు 24 జన్యుసంబంధ జబ్బులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 10 జబ్బులు మేలుజాతి కుక్కల్లో ఎక్కువగా కనిపించాయి, 13 జబ్బుల్లో తేడా లేదు, మోకాలి లోపలి స్నాయువు తెగడం సంకరజాతి కుక్కల్లోనే ఎక్కువగా కనిపించింది.

మీ వారి వాదనకు జవాబుగా డాల్మేషియన్ కథ చెప్పండి. ఆ జాతిలో యూరిక్ ఆమ్లం విరగని దోషం దాదాపు అన్నిటిలోనూ స్థిరపడిపోయి, మూత్రంలో రాళ్ళు ఏర్పడేవి. 1973లో ఒక జన్యుశాస్త్రవేత్త డాల్మేషియన్‌ను ఒక్కసారి పాయింటర్ అనే వేటకుక్క జాతితో కలిపి, తరువాతి తరాలన్నిటినీ తిరిగి డాల్మేషియన్లతోనే దాటించారు. మచ్చలు తిరిగి వచ్చాయి, దోషం పోయింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశాన్ని పూర్తిగా అంగీకరించడానికి 2011 దాకా పట్టింది. ఏ జాతికైనా జబ్బు ఉంటుందన్న మాట నిజమే, కానీ రూపానికి అంటని జబ్బును తీసేయవచ్చు. రూపమే జబ్బు అయినప్పుడు రూపాన్ని వదులుకుంటే గాని అది పోదు.

మరల: కొత్తగూడు

అందరికీ ధన్యవాదాలు. పాత కాగితం తీసేసి ముఖం, కాళ్ళు, బరువు, వంశం అని నాలుగు గడులు గీశాను. చివరి మాట చూపించాక మా వారు పగ్ పట్టుదల కొంత సడలించారు. అమ్మాయి నిటారు చెవుల కూనకు ఒప్పుకుంది. ఒకవేళ లాబ్రడార్ వైపు మొగ్గితే పెంపకందారును ఏమి అడగాలి?

జవాబు: నాడిపట్టు

పిల్లది కాదు, తల్లిదండ్రుల తుంటి, మోచేతి ఎక్స్‌రే నివేదికలు అడగండి. అమెరికాలో కుక్కల కీళ్ళ ఎక్స్‌రేలను పరిశీలించే ఓఎఫ్‌ఏ సంస్థ 24 నెలలు నిండిన కుక్కకే తుంటికి తుది శ్రేణి ఇస్తుంది, కాబట్టి 8 వారాల పిల్లకు అంతా బాగుందని చెప్పే కాగితానికి విలువ లేదు. తల్లిని తప్పకుండా చూపించమనండి. కూర్చున్న చోటి నుంచి అది లేచే తీరు గమనించండి. ఇంకొకటి, లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు ఆకలి తీరినట్లు తెలియనివ్వని జన్యుమార్పు ఉందని 2016లో తేలింది. అది ఎంత దీనంగా చూసినా గిన్నెలో కొలత మార్చకండి.