రాత్రి ఆరిన మానిటర్ పొద్దున మళ్లీ వెలగట్లేదు, దారేదైనా ఉందా?

నా దగ్గరున్నది రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, బుక్‌వార్మ్ వెర్షన్ ఓఎస్, తెర మీద బొమ్మను చూపే వేలాండ్ మీద ల్యాబ్‌డబ్ల్యూసీ అనే విండో మేనేజర్. మామూలు హెచ్‌డీఎంఐ మానిటర్, టీవీ కాదు, కాబట్టి సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారానే టీవీని ఆన్, ఆఫ్ చేసే సౌకర్యం) లేదు. రాత్రి 10కి తెర ఆరి, ఉదయం 6కి వెలగాలి.

తెరకు సిగ్నల్ ఆపే పాత వీసీజెన్‌సీఎండీ డిస్‌ప్లే పవర్ కమాండ్ పనిచేయలేదు. కేఎంఎస్ అనే కొత్త డిస్‌ప్లే డ్రైవర్ వచ్చాక దానికి కాలం చెల్లినట్టే. వేలాండ్‌లో తెరల సెట్టింగులు మార్చే డబ్ల్యూఎల్ఆర్-రాండర్‌తో అవుట్‌పుట్ ఆఫ్ చేస్తే టెర్మినల్లో పనిచేసింది, చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్ నుంచి చేయలేదు. ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీ, వేలాండ్ డిస్‌ప్లే వేరియబుల్స్ స్క్రిప్టులో పెట్టాక ఆ చిక్కు తీరింది.

అసలు తంటా మానిటర్‌తోనే. సిగ్నల్ పోగానే నిద్రలోకి వెళ్లకుండా "నో సిగ్నల్" అని రాసుకుని బ్యాక్‌లైట్ వెలిగించుకునే కూర్చుంటోంది. కేబుల్ ద్వారా మానిటర్‌కు ఆదేశాలు (డీడీసీ) పంపే డీడీసీయుటిల్‌తో, పవర్ సెట్టింగ్ అయిన డీ6కి విలువ 4 (ఆఫ్) ఇస్తే పూర్తిగా ఆరుతోంది. కానీ పొద్దున ముందు అవుట్‌పుట్ ఆన్ చేసి, 10 సెకన్లు ఆగి విలువ 1 (ఆన్) పంపితే జవాబే లేదు. ఆరాక డీడీసీ వినడం మానేస్తోందన్నమాట. 4 బదులు 5 ఇచ్చినా అంతే. బ్రైట్‌నెస్ సున్నా చేస్తే చీకటి గదిలో వెలుతురు ఇంకా కనిపిస్తోంది. రిలేతో కరెంటు కోస్తే, తిరిగి వచ్చాక బటన్ నొక్కందే ఆన్ కాదు.

మానిటర్‌ను విప్పకుండా, డీ6తో ఆరిన తెరను రాస్ప్‌బెర్రీ పై నుంచే మళ్లీ లేపే మార్గం ఏది?