నవంబరులో అమ్మానాన్నలు వస్తున్నారు, ఎర్రాకులు చూపించాలి

(పేర్ల చోట ఉన్నవి సభ్యులుండే చోట్లు.)

నిషికసాయి, కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఉద్యోగానికి టోక్యో వచ్చాను. నవంబరు 8న అమ్మానాన్నలు ఖమ్మం నుంచి వస్తున్నారు, పన్నెండు రోజులుంటారు. ఎర్రటి మేపుల్ చెట్లు చూడాలని అమ్మ కోరిక. క్యోటో తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. అమ్మకు మోకాళ్ళ నొప్పి. రైళ్ళలో తిరగడానికి జేఆర్ పాస్ ఎక్కడ కొనాలో చెప్పగలరా?

కవాసాకి, పద్దెనిమిదేళ్ళుగా:
తమ్ముడూ, పాస్ సంగతి తరవాత. నీకు సెలవుందా? ఇక్కడ ఉద్యోగంలో ఆరు నెలలు నిండితే గాని చట్టప్రకారం జీతంతో కూడిన పది రోజుల సెలవు రాదు. కొన్ని కంపెనీలు ముందే ఇస్తాయి, ఒప్పందపత్రం తీసి చూసుకో. నేను చూసుకోలేదు. మా నాన్న వచ్చిన వారమంతా ఆయన ఇంట్లో కూర్చొని లిఫ్టు చప్పుడు విన్నారు.
ఇక పాస్. అది పర్యాటకులుగా వచ్చినవాళ్ళకే, నీకు ఇవ్వరు. అమ్మానాన్నలకు కొను. ఏడు రోజులకు 29,650 యెన్లు.

సైతామా:
అన్నయ్యగారూ, ఆ ధర 2023 అక్టోబరులోనే పోయింది. అప్పుడే 50,000 చేశారు. క్యోటోకు అన్నిటికన్నా వేగంగా వెళ్ళే నొజోమి రైల్లో ఒకవైపు పద్నాలుగు వేల పైచిలుకు. రానూపోనూ కలిపినా పాస్ ధరకు చాలా దూరం. పైగా పాస్ ఉన్నా నొజోమి ఎక్కాలంటే విడిగా కట్టాలి.
బాబూ, నువ్వు అడగాల్సింది పాస్ గురించి కాదు, తేదీల గురించి. రాత్రి చలి ఎనిమిది డిగ్రీల దాకా దిగితే ఆకు రంగు తిరగడం మొదలవుతుంది. ఆ చలి ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ మీద నుంచి కిందికి వస్తుంది. హొక్కైదోలో దైసెత్సుజాన్ కొండలు సెప్టెంబరు మధ్యకే ఎరుపెక్కుతాయి. టోక్యోకు ఉత్తరాన నిక్కోలో చూజెన్‌జి సరస్సు 1,269 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ అక్టోబరు రెండో సగం. అదే నిక్కోలో కింద తోషోగు ఆలయం చుట్టూ నవంబరు మొదటి రెండు వారాలు. క్యోటో ఊళ్ళో నెలాఖరుకు గాని నిండుగా పండదు, ఈమధ్య డిసెంబరు దాకా జరుగుతోంది. మీవాళ్ళు వచ్చే రోజులకు అక్కడ చాలా చెట్లు ఇంకా పచ్చగానే ఉంటాయి. పచ్చని చెట్లు ఖమ్మంలోనూ ఉన్నాయి కదా.

ఫునబాషి:
నిక్కో అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయిదేళ్ళ క్రితం అత్తమామలను తీసుకొని నవంబరు 3 సెలవుకు అద్దె కారులో బయలుదేరాం. సరస్సుకు ఎక్కే ఇరోహాజాకా కొండదారిలో 48 మలుపులు. ఎక్కడానికి ఒక దారి, దిగడానికి వేరొకటి, కాబట్టి మధ్యలో బుద్ధి వచ్చినా వెనక్కి తిరగలేం. ఒంటిగంటకు మొదటి మలుపు దగ్గర ఆగిన కారు సరస్సు చేరేసరికి నాలుగున్నర. వెలుతురు పోతోంది, ఆకులు అప్పటికే రాలిపోయాయి. మామగారు కొమ్మలకేసి చూసి "ఇవేనా?" అన్నారు.
సత్రానికి చేరేసరికి ఏడు దాటింది. రాత్రి భోజనం ఆరింటికని బుకింగు కాగితంలో ఉంది, మేము చదవలేదు, ఫోనూ చేయలేదు. యజమానురాలు ఒక్క మాట అనలేదు. మూడుసార్లు వంగి క్షమాపణ చెప్పి, వంటాయన ఇంటికి వెళ్ళిపోయారంది. తప్పు మాది, క్షమాపణ ఆమెది. మాంసం వద్దని రాశాం కనుక చేప పెట్టారు. చేప వద్దంటే తీసేశారు, కాని సూపులో, ఉడికించిన ముల్లంగిలో చేపపొడి కాచిన దాషి ఉంది. అత్తమామలు ఇంటి నుంచి తెచ్చుకున్న మాగాయతో అన్నం తిని పడుకున్నారు. పొద్దున డబ్బు తగ్గించమని అడిగాను. చిరునవ్వుతోనే కుదరదన్నారు. అన్యాయమని అప్పుడు గొడవపడ్డాను, ఇప్పుడూ సగం అలాగే అనిపిస్తుంది.
శాకాహారం అని రాస్తే చాలదు. "నికు, సకానా, తమాగో, దాషి" (మాంసం, చేప, గుడ్డు, దాషి) అని నాలుగు పేర్లూ రాసి, నాలుగూ వద్దని చెప్పు.

క్యోటో, పరిశోధక విద్యార్థిని:
క్యోటోను అంత తేలిగ్గా కొట్టేయకండి. ఊరికి వాయవ్యంగా తకావో ఉంది, అక్కడ నవంబరు మొదటి సగంలోనే ఎరుపు వస్తుంది. జింగోజి ఆలయం చూసి తీరాలి.

కవాసాకి:
తకావో టోక్యోలో కదా అమ్మా ఉన్నది! షింజుకు నుంచి గంట, కేబుల్ కారు కూడా ఉంది.

క్యోటో:
ఇక్కడా ఒకటి ఉందండీ.

సైతామా:
జింగోజికి నాలుగు వందల రాతి మెట్లు. మోకాళ్ళ నొప్పి అని అబ్బాయి మొదటే రాశాడు.

క్యోటో:
సరే, ఒప్పుకున్నాను. ఇక్కడి తోఫుకుజి ఆలయం వంతెన మీద రద్దీ రోజుల్లో ఫొటోలు తీయనివ్వరు కూడా. అమ్మగారు ఫొటో కావాలంటారు కదా.

ఫునబాషి:
కావగుచికో సరస్సుకు వెళ్ళండి. షింజుకు నుంచి బస్సులో రెండు గంటల లోపే. సరస్సు పక్కన చదునైన దారి, రెండు వైపులా మేపుల్ చెట్లు, మబ్బు లేకపోతే ఫుజి. నవంబరు మొదటి, రెండు వారాలే దానికి అదను. శని, ఆదివారాలు మాత్రం వద్దు.

నిషికసాయి:
అందరికీ కృతజ్ఞతలు. సెలవు అడిగాను, జీతం లేకుండా రెండు రోజులు ఇస్తామన్నారు. మంగళవారం కావగుచికో. మరో రోజు అసకుసా నుంచి రైల్లో నిక్కో, సరస్సుకు ఎక్కకుండా కిందనే రిన్నోజి ఆలయం పక్కన షోయోఎన్ తోట చూసి రావాలని ఆలోచన. పులిహోర కట్టుకొని వెళ్తాం. మీకెవరికైనా ఖమ్మం నుంచి ఏమైనా తెప్పించమంటారా?

కవాసాకి:
కరివేపాకు.

సైతామా:
ధ్రువపత్రం లేకుండా పచ్చి ఆకు ఏదీ విమానాశ్రయం దాటనివ్వరు, అన్నయ్యగారూ. ఆ పెద్దవాళ్ళను ఇబ్బంది పెట్టకండి.

కవాసాకి:
2009లో మా పెద్దమ్మ తెచ్చింది.

సైతామా:
పట్టుబడలేదంతే.

ఫునబాషి:
మాగాయ అయితే రెండు సీసాలు, బాబూ.