సమస్యాపూరణం: అన్ని చూచిన కన్నులే యంధమయ్యె

పద్యం పూర్తి చేయడానికి ఇచ్చిన ఈ పాదం తేటగీతి ఛందస్సులోనిది. పూరణలో గ్రహాంతర యుద్ధం ఉండాలి, ఆయుధబలం గలవాడు వేగులో (శత్రువును కనిపెట్టడంలో) పొరబడిన తీరు కనిపించాలి. కుజగ్రహవాసులు భూమిపై దండెత్తిన కథ గల హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ను ఆధారం చేసుకోవచ్చు.

మొదటి పూరణ:

కుజుని పైనుండి కనిపెట్టి కువలయమ్ము
నిప్పుటీటెలతో సైన్యనివహ మణచి
క్రిమినిఁ గానక కూలిరి కీడు మూడి;
అన్ని చూచిన కన్నులే యంధమయ్యె.

సమీక్ష: పూరణ సలక్షణంగా ఉన్నది, అభినందనలు. నవలలో కుజవాసుల ఆయుధమైన ఉష్ణకిరణానికి ‘నిప్పుటీటెలు’ చక్కగా అతికింది. అయితే ‘క్రిమి’ అనగానే ముందు పురుగే స్ఫురిస్తుంది; కంటికి ఆనే పురుగును చూడకపోవడం అజాగ్రత్త అవుతుందే గాని అంధత్వం కాదు. ‘సూక్ష్మజీవులఁ గానక స్రుక్కి పడిరి’ అంటే యతి కూడా చెడదు. నవల మొదటి పేరాలోనే, కుజవాసులు మనలను పరిశీలించిన తీరును సూక్ష్మదర్శినితో నీటిబొట్టులోని జీవులను చూసే మనిషితో పోల్చారు; అటువంటి జీవులే చివరకు వారి ప్రాణం తీశాయి. తమ గ్రహంలో సూక్ష్మజీవులు లేనివారికి ఇక్కడ వాటిని వెదకాలన్న ఊహ రాకపోవడంలో వింత లేదు.

రెండవ పూరణ:

కాంతి వచ్చెడిలోపలఁ గదలె రిపుఁడు;
మునుపు నిలిచిన చోటునే మోది మోది
గుండు లెల్లను శూన్యానఁ గూలిపోయె;
అన్ని చూచిన కన్నులే యంధమయ్యె.

సమీక్ష: ఊహ కొత్తది. కుజుడు మనకు బాగా దగ్గరైనప్పుడు సైతం అక్కడి కాంతి ఇక్కడికి చేరడానికి 3 నిమిషాలు దాటుతుంది, దూరమైనప్పుడు సుమారు 22 నిమిషాలు పడుతుంది. కాబట్టి వేగు చూసినది ఎంత నిజమైనా పాతదే. ‘మోది మోది’లో బలవంతుని మొండితనం వినిపిస్తున్నది. కాని కూలడానికి శూన్యంలో క్రింద అనేది ఏదీ? ‘గుండు లెల్లను శూన్యాన గురినిఁ దప్పె’ అని సవరించండి.

సంజయుని దివ్యదృష్టిపై వచ్చిన పూరణలు ముచ్చటగానే ఉన్నా నియమానికి వెలుపలివి కనుక పరిశీలించలేదు.

రెండవ పూరణకర్త: ధన్యవాదాలు. ‘కూలు’కు నశించు అన్న అర్థం కూడా ఉన్నది కదా!

సమీక్ష: ఉన్నది, ఒప్పుకొంటాను. అయినా అడ్డు తగలని గుండు శూన్యంలో నశించదు, పోతూనే ఉంటుంది. సవరణనే ఉంచండి.